నీడలో విత్తు: దిగువ కృష్ణా డెల్టాలో మిశ్రమ విత్తనాల సాగు

చెట్టు నీడలో గాని, నిలిచి ఉన్న పైరు నీడలో గాని గడ్డి, అపరాలు, పచ్చిరొట్ట, పూలమొక్కల గింజలు చల్లి, నేల దున్నకుండానే మొలిపించే సాగును నీడ విత్తు అనవచ్చు. ఇంగ్లండు వంటి చలిదేశాల్లో ఇది ఓక్, బీచ్ అడవుల కింద పచ్చికనూ అడవిపూలనూ పెంచే తోటపని. కృష్ణ సముద్రంలో కలిసే చోట అలాంటి అడవులు లేవు. బందరు, గుడివాడ, దివిసీమల్లో అడవి అంటే సముద్రపు అంచున ఉన్న మడ అడవే. తక్కినదంతా వరిపొలం, గట్ల మీద తాడిచెట్లు, నది ఒడ్డున కొబ్బరి, అరటి తోటలు, ఇసుక దిబ్బల మీద సరుగుడు. అయినా నీడలో గింజ మొలిపించే విద్య ఇక్కడి రైతుకు బాగా తెలుసు. ఏటా కార్తీక, మార్గశిర మాసాల్లో కోతకు వచ్చిన వరిచేలోకి దిగి, కంకుల మీదుగా మినుములో, పిల్లిపెసరో, జనుమో చల్లడం ఈ సీమకు అలవాటైన వ్యవసాయం. దానికి చెట్టు నీడ బదులు వరి నీడ.

నేల, నీరు, కాలం

కృష్ణ మీద బెజవాడ దగ్గర తొలి ఆనకట్ట 1852–55 మధ్య కట్టారు. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. అక్కడి నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ తూర్పు డెల్టాకు నీరిస్తాయి. పులిగడ్డ దగ్గర నది రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ ఉన్నదే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాల పొలాలకు కాలువ నీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా పాయ దాటి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక బందరు (మచిలీపట్నం), గుడివాడ, దివిసీమ కొత్త కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి.

ఈ భౌగోళిక స్థితికీ విత్తుకీ నేరుగా సంబంధం ఉంది. కాలువ చివరి భూములకు నీరు ఆలస్యంగా అందుతుంది. నాట్లు ఆలస్యమైతే కోత ఆలస్యం. కోత ఆలస్యమైతే మినుము చల్లే అదను తప్పుతుంది. నవంబరు రెండో పక్షం నుంచి డిసెంబరు లోపల పడ్డ గింజ మంచుతోనూ నేలలో మిగిలిన తడితోనూ పండుతుంది. సంక్రాంతి దగ్గర పడ్డాక చల్లితే పూత దశకు ఎండలు ముదిరి కాయ పట్టదు. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీరు కృష్ణా డెల్టాకు తోడయ్యాక, నీరు ముందుగా వచ్చిన సంవత్సరాల్లో నాట్లు త్వరగా పడి, రెండో పంటకు అదను దొరుకుతోంది. గుడివాడ రైతుకు దొరికినంత సులువుగా కోడూరు రైతుకు దొరకదు. చివరి ఊళ్ల బాధ ఇప్పటికీ చివరి ఊళ్లదే.

నేల బరువైన నల్ల ఒండ్రు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. వరి కోసిన వారం పది రోజులకే పైపొర బిగుస్తుంది. ఆ తర్వాత దున్నితే పెళ్లలు లేస్తాయి, తడి ఆరిపోతుంది. దున్నకుండా, నేల మెత్తగా ఉండగానే, అంటే వరి ఇంకా నిలబడి ఉండగానే విత్తాలి. నీడలో విత్తడం ఇక్కడ నేల పెట్టిన షరతు.

మాగాణి మినుము

వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో నీరు తీసేసి, బురద పదును మీద మినుము చల్లుతారు. ఆ పదును చూసే కొలత కాలే. చేలోకి దిగితే మడమ కొద్దిగా దిగబడాలి, కాలు తీశాక ఆ గుంటలో నీరు ఊరకూడదు. నీరు ఊరితే గింజ కుళ్లుతుంది. మడమ దిగకపోతే గింజ నేలకు అంటుకోదు, ఉబ్బి మళ్లీ ఎండిపోతుంది. మనిషి ఒడిలో గింజలు పోసుకుని కంకుల పైకి విసిరితే, అవి ఆకుల మీద టపటపమని పడి కుదుళ్ల మధ్యకు జారతాయి. కొన్ని ఆకు మడతల్లో చిక్కుకుంటాయి. కోత కోసేటప్పుడు అవీ రాలతాయి.

విత్తనం మోతాదులోనే నీడ ఖర్చు కనిపిస్తుంది. మెట్టలో దున్ని గొర్రుతో వేస్తే ఎకరాకు ఎనిమిది కిలోలలోపు మినుము చాలు. మాగాణిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం 16 నుంచి 18 కిలోలు చల్లమంటుంది. వెయ్యి గింజలు 40 నుంచి 45 గ్రాములు తూగుతాయనుకుంటే, 16 కిలోలంటే చదరపు మీటరుకు దాదాపు 90 నుంచి 100 గింజలు. చివరికి కావలసినవి 30 పైచిలుకు మొక్కలే. తక్కిన రెండు వంతులు పిట్టలకూ ఎలుకలకూ, కుళ్లుకూ, కోతగాళ్ల కాళ్ల కిందకూ, పనల కిందకూ పోతాయి.

పనల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చేత్తో కోసిన వరిని పనలుగా పరిచి, కొన్ని రోజులు ఆరనిచ్చి, కట్టలు కట్టి కుప్ప వేస్తారు. ఆ రోజుల్లో మినుము పనల కింద మొలుస్తుంది. పన ఎత్తి చూస్తే మొలక జానెడు సాగి, కాడ సన్నగా తెల్లగా, బద్దల్లాంటి తొలి ఆకులు పాలిపోయి లేత పసుపు రంగులో ఉంటాయి. పక్కనే పన లేని చోట మొలిచినది పొట్టిగా, కాడ ఎర్రగా, ఆకు ముదురు పచ్చగా ఉంటుంది. నాలుగైదు రోజుల్లో పన తీస్తే పాలిపోయిన మొలక వెలుగు తగిలి రెండు పొద్దుల్లో పచ్చబడుతుంది. వాన పట్టి పనలు పది పన్నెండు రోజులు నేల మీదే ఉంటే సాగిన కాడ నిలబడలేక పడిపోతుంది. అప్పుడు చేలో పన పడ్డ చోటల్లా ఖాళీలే. అందుకే అనుభవమున్న రైతు వాతావరణం చూసుకుని పనలు పల్చగా పరిపిస్తాడు, వీలైతే మధ్యలో ఒకసారి పక్కకు తిప్పిస్తాడు.

కోత యంత్రం వచ్చాక ఈ లెక్క మారింది. చైను మిషను ఒక్క పూటలో కోసి నూర్చి గడ్డిని బారుగా వదిలేస్తుంది. పనల నీడ లేదు గాని, పట్టాల బరువుకు తడి నేల అణిగి మొలకలు నలిగిపోతాయి, గడ్డి బారు కింద మందపు నీడ పడుతుంది. అందువల్ల మిషనుతో కోసే చేలలో కోతకు ముందు రోజో, ఆ పూటే మిషను వచ్చేలోగానో చల్లుతారు. లేదా కోత అయ్యాక గడ్డి తీసేసి, తడి ఉంటే చల్లుతారు. మొలిచాక మిషను ఎక్కితే నష్టం, మొలవక ముందు ఎక్కితే గింజ బురదలోకి ఒత్తుకుని ఒక్కోసారి మేలే జరుగుతుంది. నేల తడి ఆరేలోపు పని పూర్తిచేయడమే ఇప్పుడు కష్టం. కూలీలూ మిషనూ ఒకే రోజు దొరకాలి.

తుపాను వస్తే ఎంత నేర్పైనా చాలదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కృష్ణా డెల్టాలో కోతకొచ్చిన వరి నేలవాలింది, పనల మీద ఉన్నది తడిసింది. అప్పటికే చల్లిన మినుము నీట మునిగింది. నీడ విత్తుకు అదను అయిన నవంబరు, డిసెంబరులే బంగాళాఖాతంలో తుపాన్ల కాలమూ కావడం ఈ తీరపు రైతుకు తప్పని గండం. మురుగు కాలువలు పూడిపోకుండా ఉంటే ఆ గండం సగం తగ్గుతుంది.

గింజ, వెలుతురు

వరి నీడలో మినుము మొలుస్తుంది, అదే నీడలో కలుపు గడ్డి చాలావరకు మొలవదు. వరి కోసిన వారానికి గడ్డి పచ్చగా లేస్తుంది. దీనికి కారణం గింజ లోపలే ఉంది. ఆకు సూర్యకాంతిలోని ఎర్ర కిరణాలను తన కోసం పీల్చుకుని, కంటికి ఆనని దూరపు ఎరుపును కిందికి వదిలేస్తుంది. చాలా చిన్న గింజల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే రంగు పదార్థం ఈ తేడాను గుర్తిస్తుంది. ఎరుపు తగిలితే మొలవమంటుంది, దూరపు ఎరుపు తగిలితే ఆగమంటుంది. అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో లెట్యూస్ గింజల మీద ఈ సంగతి 1952లో తేల్చారు. పైన ఆకుల కప్పు ఉన్నదని తెలిసిన చిన్న గింజ నిద్రలోనే ఉండిపోతుంది. లేస్తే బతకడానికి దాని దగ్గర తిండి లేదు మరి.

మినుము, పెసర, జనుము గింజలకు ఆ బెంగ లేదు. బద్దల్లో దాచుకున్న పిండి, మాంసకృత్తులతో వారం పది రోజులు వెలుతురు లేకున్నా నెట్టుకొస్తాయి. గినీ గడ్డి గింజలు వెయ్యి తూచితే ఒక గ్రాము అటూ ఇటూ. మినుము గింజ దానికి నలభై రెట్లకు పైనే. కాబట్టి నీడలో చల్లే మిశ్రమంలో మొదట చూడవలసింది గింజ పరిమాణం. పెద్ద గింజలు నీడలో మొలుస్తాయి. చిన్న గింజలకు నేల గీరి, ఆకు చెత్త తీసి, కొమ్మలు కొంత తెరిచి వెలుతురు చూపించాలి. ప్యాకెట్టు మీద పూల బొమ్మ చూసి కొన్న మిశ్రమం మామిడిచెట్టు కింద చల్లితే ఒక్కటీ మొలవకపోవడానికి సాధారణంగా ఇదే కారణం.

నీడ ఎంతకాలం ఉంటుందన్నది రెండో సంగతి. వరి నీడ పది రోజుల నీడ. చెట్టు నీడ ఏళ్ల తరబడి ఉండేది. మొదటిదానిలో మొలవగలిగితే చాలు. రెండోదానిలో మొలవడమే కాదు, తక్కువ వెలుతురుతో పెరిగి, పూచి, మళ్లీ గింజ రాల్చగలగాలి. మినుము మొదటి పని చేస్తుంది, రెండోది చేయలేదు. ఈ తేడా పట్టించుకోకుండా తోటల్లో అపరాలు చల్లి పంట రాలేదని వదిలేసేవారు ఎందరో ఉన్నారు.

పిల్లిపెసర, జనుము

మినుము ఇంటికి డబ్బు తెచ్చే పంట. పశువుకు తిండి పెట్టేది మాత్రం పిల్లిపెసర, జనుము. గేదెలున్న రైతు తన చేలో కొంత భాగం మినుముకు వదిలి, ఇంటికి దగ్గరగా ఉన్న మడిలో ఈ రెంటినీ విడిగానో కలిపో వరిలోనే చల్లుతాడు. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. పాడిగేదెకు ఎండాకాలమంతా అదొక్కటే పెడితే పాలు తగ్గుతాయి. పప్పుజాతి పచ్చిమేత దానికి తోడైతే దాణా ఖర్చు తగ్గుతుంది. కోసిన జనుమును ఆరబెట్టి వామిలో వరిగడ్డి వరసల మధ్య పరిచే అలవాటు కూడా డెల్టాలో ఉంది. వామి దూసి గడ్డి పెట్టినప్పుడల్లా గేదెకు రెండూ కలిసి అందుతాయి.

ఈ జంటలో ఒకటి నిలువుగా పెరిగేది, ఒకటి పాకేది. జనుము త్వరగా లేచి నిలబడుతుంది. పిల్లిపెసర మొదట్లో నెమ్మదిగా ఉండి, తర్వాత నేలంతా అల్లుకుంటుంది. పైనున్న వెలుతురు జనుము వాడుకుంటే, దాని సందుల్లోంచి దిగిన వెలుతురు పిల్లిపెసరకు సరిపోతుంది. జనుమును పూత దశలో కోసేశాక పిల్లిపెసర మరోసారి చిగురిస్తుంది. మేపుకీ తట్టుకుంటుంది. ఆకు కప్పిన నేల త్వరగా ఎండదు కాబట్టి బందరు దిగువ ఊళ్లలో ఎండాకాలం ఉప్పు పైకి రావడం కూడా కొంత నెమ్మదిస్తుంది. రెండింటి వేళ్ల బుడిపెల్లో నత్రజని స్థిరీకరణ జరుగుతుంది. చివరికి దున్నేస్తే అదే తర్వాతి వరికి ఎరువు. ఒక మిశ్రమం నుంచి ఇంతకన్నా కోరదగింది లేదు. మన ప్రాంతం పుట్టించుకున్న నీడ మిశ్రమాల్లో ఇదే అత్యుత్తమమని నా అభిప్రాయం.

పప్పుజాతి తీగలను కలిపి వేసే ఈ ఆలోచన మలేసియా రబ్బరు, పామాయిల్ తోటల్లోనూ ఉంది. అక్కడ ప్యూరేరియా, కలపగోనియం, సెంట్రోసీమా అనే మూడు తీగల గింజలు కలిపి మొక్కల నడుమ చల్లడం ఆనవాయితీ. కలపగోనియం మొదటి నెలల్లో నేల కప్పి, తోట గుబురెక్కగానే చనిపోతుంది. ప్యూరేరియా కొన్నేళ్లు ఉంటుంది. సెంట్రోసీమా నీడకు ఎక్కువ ఓర్చుకుంటుంది. ఒకటి పోయేసరికి మరొకటి అందుకునేలా కూర్చారు. తెలుగునాట ఆయిల్‌పామ్ పరిశోధనకు కేంద్రం ఏలూరు దగ్గరి పెదవేగిలో ఉంది. నీడ కింద నేల కప్పే పంటల గురించి తెలుసుకోగోరే డెల్టా రైతుకు అది దూరం కాదు.

తోటల కింద

దివిసీమలోనూ నది ఒడ్డు లంకల్లోనూ కొబ్బరి, అరటి, మామిడి తోటలున్నాయి. కొబ్బరి కింద ఏమి పెరుగుతుందన్నది చెట్ల వయసును బట్టి ఉంటుంది. నాటిన ఎనిమిదేళ్ల వరకు మట్టలు పొట్టి, ఎండ బాగా దిగుతుంది. అప్పుడు అపరాలు, కూరగాయలు ఏవైనా వస్తాయి. ఎనిమిది నుంచి పాతికేళ్ల మధ్య మట్టలు కలిసిపోయి, కిందికి దిగే వెలుతురు ఐదో వంతు దగ్గరికి పడిపోతుంది. పాతికేళ్లు దాటాక చెట్టు ఎత్తెదిగి మళ్లీ నేల మీద ఎండ పొడలు పడతాయి. కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ దశాబ్దాల కిందటే ఈ మూడు దశల లెక్క కట్టింది. మన తోటలకూ అది వర్తిస్తుంది. చెట్టు వేరు ముఖ్యంగా కాండం చుట్టూ రెండు మీటర్ల లోపలే పనిచేస్తుంది గనుక తక్కిన నేలంతా మరో పంటకు ఖాళీ. పసుపు, కంద, చేమ అందులో పెరిగేవే. అవి గింజతో కాక కొమ్ముతో, దుంపతో వస్తాయి. చిన్న గింజకు లేని తిండి నిల్వ దుంపకు ఉండడమే నీడలో వాటి బలం.

మేతకైతే మూడో దశ కొబ్బరి కింద గినీ గడ్డి బాగా వస్తుంది. పూర్తి ఎండ కోరే నేపియర్ అక్కడ సన్నబడిపోతుంది. గినీ గడ్డి గింజ చల్లి మొలకెత్తించడం కష్టం కాబట్టి వేరు పిలకలు నాటడమే మేలు. వాటి నడుమ స్టైలో, దశరథ గడ్డి గింజలు చల్లుకోవచ్చు. వాటి పెంకు గట్టిది. నీటిని మరిగించి, కాస్త చల్లారాక, అంటే 80 డిగ్రీల దగ్గర, ఐదు నిమిషాలు గింజ ముంచి తీసి, చన్నీట కడిగి ఆరబెట్టి చల్లితే మొలక బాగుంటుంది. మొలిచిన మొదటి రెండు నెలలు పశువును తోలకూడదు.

ఇళ్ల ముందు, గుడి ఆవరణలో చెట్టు కింద పచ్చిక కావాలనేవారు తరచూ గరికనే వేస్తారు. గరికకు నీడ పడదు. ఒక వానాకాలం పచ్చగా ఉండి, చెట్టు గుబురయ్యాక పలచబడి మట్టి తేలుతుంది. వెడల్పాటి ఆకుండే షేడ్ గ్రాస్ కడియం నర్సరీల్లో చాపలుగా దొరుకుతుంది. నీడకు అదే తగినది, అయితే దానికి తడి ఎప్పుడూ ఉండాలి.

పూల సంగతి వచ్చేసరికి మన నీడలో పూచేవి మనకు పరిచయమైనవే. కనకాంబరం సగం నీడలో ఎండలో కన్నా ఎక్కువకాలం పూస్తుంది. డిసెంబరాలు చలికాలమంతా ఊదారంగు పూలిస్తాయి. శంఖుపుష్పం కంచె పక్కన సగం ఎండలో పాకుతుంది. తడి నీడలో సరస్వతి ఆకు నేలంతా పరుచుకుంటుంది. వెన్నదేవి కూర నీలిపూలతో తోట కింద ఎవరూ చల్లకపోయినా వస్తుంది. నేలవేము, ఉత్తరేణి, అడ్డసరం నీడకు ఓర్చుకునేవే. వినాయక చవితికి పత్రి కోసే పిల్లలకు ఏ చెట్టు కింద ఏది దొరుకుతుందో పాఠం చెప్పకుండానే తెలిసేది. ఇలాంటి మొక్కల గింజలను తోటలోనే భాద్రపదం తర్వాత ఏరి, ఆరబెట్టి, మరుసటి తొలకరికి చల్లడం ఏ దిగుమతి ప్యాకెట్టుకన్నా నమ్మకమైనది. ఇంగ్లండులో అమ్మే అడవి మిశ్రమాల్లో బరువులో ఎనభై శాతం గడ్డి గింజలు, ఇరవై శాతం పూల గింజలు ఉండడం మామూలు. వాటిలో చాలా గింజలకు మొలకెత్తే ముందు శీతాకాలపు చలి తగలాలి, అందుకే వాళ్లు శరదృతువులో చల్లుతారు. ఆ చలి బందరులో ఏ నెలలోనూ రాదు. మన పూలగింజకు కావలసింది తొలకరి తడి, వర్షాకాలపు ఉక్క.

సరుగుడు, మడ

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచి వేలమంది ప్రాణాలు తీశాక తీరం వెంట గాలికి అడ్డుగా సరుగుడు తోటలు విరివిగా పెంచారు. సరుగుడు కింద మిశ్రమం చల్లి లాభం లేదు. రాలిన సూది ఆకు మందంగా పరుచుకుని గింజను నేలకు తగలనివ్వదు. నాటిన మొదటి ఏడాది, చెట్టు ఎదగక ముందు, వరసల మధ్య వేరుశనగ వంటిది వేసుకోవచ్చు, అంతే.

నాగాయలంక, కోడూరు తీరపు మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో భాగం. 1989లో ప్రకటించిన దాని విస్తీర్ణం దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. మడ చెట్టు గింజ చెట్టు మీదే మొలకగా తయారై రాలుతుంది. తల్లిచెట్ల దట్టమైన నీడలో అది పెరగదు, పోటు నీరు మోసుకెళ్లి వదిలిన తెరిపి బురదలో పెరుగుతుంది. ఉప్పు పేరుకుని బోడిగా మిగిలిన చోట్ల ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు పారించి, మడ మొక్కలు నాటించాయి. ఆ బోడి నేలల అంచున ఇలకూర, వంగరెడ్డి కూర వాటంతట అవే వస్తాయి. అక్కడ బయటి గడ్డి గింజ ఏదీ చల్లరాదు. అభయారణ్యంలో అది చట్టానికీ విరుద్ధం, మడకూ హాని.

తొలకరి నవధాన్యాలు

రైతు సాధికార సంస్థ 2016 నుంచి రాష్ట్రంలో నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో, వానలకు ముందే పొడి నేలలో పలురకాల గింజలు కలిపి చల్లడం ఒక ముఖ్య పద్ధతి అయింది. చిరుధాన్యాలు, అపరాలు, నూనెగింజలు, ఆకుకూరలు, జీలుగ, జనుము కలిపి, బీజామృతం పట్టించి, మట్టి, బూడిద, ఘనజీవామృతంతో గుళికలు కట్టి చల్లుతారు. వరికి ముందు మే నెలలో చల్లి, నాట్లకు దమ్ము చేసేటప్పుడు కలియదున్నడం డెల్టాలో అనువైన రూపం. ఇది ఎండ మిశ్రమం. అలాగే తెచ్చి కొబ్బరి కింద చల్లితే సజ్జ, జొన్న, నువ్వు పొడుగ్గా సాగి పడిపోతాయి. తోటకైతే వాటిని తీసేసి అలసంద, పిల్లిపెసర, ఉలవ, తోటకూర, ధనియాల వంటివి ఎక్కువ కలపాలి. చౌడు పట్టిన బందరు పొలాల్లో జీలుగకు సాటి లేదు. ఉప్పునూ నిలువ నీటినీ రెండింటినీ తట్టుకుంటుంది, కాని దానికి ఎండ తప్పనిసరి.

బెడదలు

మాగాణి అపరాలకు రెండు పెద్ద శత్రువులున్నాయి. ఒకటి పల్లాకు తెగులు. తెల్లదోమ మోసే ఈ వైరస్ లేత ఆకుల మీద పసుపు మచ్చలుగా మొదలై చేనంతా పసుపు చేస్తుంది. ఎల్‌బీజీ 752 వంటి మంచి దిగుబడి రకం దీనికి లొంగిపోవడంతో లాం పరిశోధన స్థానం నుంచి ఎల్‌బీజీ 787, ఘంటసాల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి జీబీజీ 1 వంటి తట్టుకునే రకాలు వచ్చాయి. ఘంటసాల దివిసీమ ముఖద్వారంలోనే ఉంది. మాగాణి రైతు తన రకాన్ని ఎంచుకోవడానికి మొదట అడగవలసిన చోటు అదే.

రెండోది బంగారు తీగ. వేరూ ఆకూ లేని ఈ పసుపు దారం మినుము కాడను చుట్టి రసం పీల్చి బతుకుతుంది. గింజలు విత్తనంలో కలిసి ఊరి నుంచి ఊరికి చేరతాయి, నేలలో ఏళ్ల తరబడి నిద్రపోతాయి. పరాన్నజీవి అన్నిచోట్లా శత్రువు కాదు. ఇంగ్లండులో యెల్లో రాటిల్ అనే అర్ధ పరాన్నజీవిని గడ్డి బలం తగ్గించి పూలకు చోటివ్వడానికి కావాలనే చల్లుతారు. మన మాగాణిలో బంగారు తీగకు అలాంటి ఉపయోగం ఏమీ లేదు. కనిపించిన మొదటి గుత్తినే చుట్టూ మొక్కలతో సహా పీకి కాల్చాలి. చల్లే విత్తనాన్ని జల్లెడ పట్టాలి.

ఈ రెంటి దెబ్బకు 2000 తర్వాత కృష్ణా, గుంటూరు డెల్టాల్లో చాలామంది మినుము వదిలి, వరి కోశాక దున్నకుండా మొక్కజొన్న వేయడం మొదలుపెట్టారు. దానికి రాబడి ఉంది. కాని నీరు, ఎరువు ఎక్కువ కావాలి, నేలకు నత్రజని చేర్చదు. కాలువ నీరు సంక్రాంతి తర్వాత నమ్మకం లేని చివరి ఊళ్లకు మొక్కజొన్న సరైన జవాబు కాదు. అక్కడ మినుము, పిల్లిపెసరలనే నిలబెట్టుకోవాలి.

విత్తనం

పిల్లిపెసర కాయ ఎండగానే పగిలి గింజ రాలిపోతుంది. దాన్ని ఏరడం శ్రమ, అందుకే విత్తనం ఖరీదు, అందుకే సాగు తగ్గుతోంది. మినుము విత్తనం దుకాణంలో దొరుకుతుంది గాని పిల్లిపెసర చాలాసార్లు అడిగినా దొరకదు. కాయలు నల్లబడుతుండగా, పూర్తిగా ఎండక ముందు, పొద్దున్నే మంచు ఆరకముందే తీగతో సహా పీకి, కళ్లంలో గోనె పట్టాల మీద ఆరబెడితే రాలిన గింజ చేజారదు. ఊరికి నలుగురు రైతులు తలా పది సెంట్లు విత్తనానికి వదిలినా ఆ ఊరి గేదెలకు సరిపడా మేత విత్తనం ఊళ్లోనే ఉంటుంది. ఈ ఏడు వరిలో చల్లదలచినవారు దసరాలోపే విత్తనం చూసిపెట్టుకోండి. కోత దగ్గర పడ్డాక వెతికితే దొరకదు.